బోర్డు మీద ఊరి పేరు

పొద్దున ఆరింటికే తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. రాత్రికి దాని ఫ్లైట్. చదువు కోసం డాలస్ వెళ్తోంది. "పెద్దనాన్నా, వచ్చేటప్పుడు ఫ్రూట్ బిస్కెట్లు నాలుగు డబ్బాలు తెస్తావా? సూపర్‌మార్కెట్లో వద్దు, మొజంజాహీ మార్కెట్ దగ్గర కొను. తాత కొనే చోట" అంది. తాత పోయి ఆరేళ్లయింది. ఆ మాట విన్నాక వెళ్లకుండా ఎలా ఉంటాను?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి గాంధీభవన్‌లో దిగి నడిచాను. సన్నగా వాన పడుతోంది. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌కు నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. తడిస్తే ఆ రాయి నల్లబడి ఇంకా అందంగా ఉంటుంది. 2020లో బాగుచేశాక అక్కడ కాసేపు నిలబడి చూడాలనిపిస్తుంది. ఈరోజు కూడా గడియారం గోపురం కింద కాసేపు నిలబడి, తర్వాతే కరాచీ బేకరీ వైపు కదిలాను.

లోపలికి అడుగు పెట్టగానే అదే వాసన. వెన్న, యాలకులు, కస్టర్డ్ పౌడర్ కలిసిన వాసన. ఈ బిస్కెట్‌కు ఆ లేత పసుపు రంగు, నోట్లో వేసుకోగానే పొడిపొడిగా విరిగే గుణం చాలావరకు కస్టర్డ్ పౌడర్ వల్లే వస్తాయి, ఎందుకంటే అందులో ఉండేది ముఖ్యంగా కార్న్‌ఫ్లోర్, దానికి కలిపిన పసుపు రంగు. ఎర్రగా, ఆకుపచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయే. ముక్కలు కోసి, ఉడికించి, పాకంలో నానబెట్టి, రంగు వేస్తారు. అక్కడక్కడా జీడిపప్పు. గుడ్డు వేయరు కాబట్టి మడి కట్టుకునే ఇళ్లలోకీ వెళ్లింది. పిండిముద్దను దిమ్మలా చేసి, గట్టిపడ్డాక కోసి, రంగు మారకుండా మెల్లగా కాలుస్తారు. అందుకే ప్రతి బిస్కెట్‌లో ముక్కలు అద్దాల్లా కనిపిస్తాయి. ఉస్మానియా బిస్కెట్ చాయ్ కోసం పుట్టింది. ఫ్రూట్ బిస్కెట్‌ను మాత్రం చాయ్‌లో ముంచకూడదు, వట్టిగానే తినాలి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఈ బేకరీని 1953లో మొదలుపెట్టిన ఖాన్‌చంద్ రామ్నాని సింధీ. దేశ విభజనప్పుడు కరాచీ వదిలి వచ్చాడు. పంజాబ్‌ను, బెంగాల్‌ను రెండుగా చీల్చారు, కాబట్టి అక్కడివాళ్లకు ఈ పక్క కూడా పంజాబ్, బెంగాల్ అనే పేర్లు మిగిలాయి. సింధ్ మాత్రం మొత్తంగా అటే పోయింది. ఇటు వచ్చిన సింధీలకు మా ప్రాంతం అని చెప్పుకోవడానికి మ్యాపులో ఒక్క జిల్లా కూడా లేదు. అలాంటి మనిషి ఎక్కడో దక్కన్‌లో, ఉర్దూ, తెలుగు మాట్లాడే ఊళ్లో, దుకాణం తెరిచి బోర్డు మీద తన ఊరి పేరు రాయించుకున్నాడు. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ పేరుతోనే నడుపుతోంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, 1981లో, మా ఊరు ఖాళీ చేయించారు. శ్రీశైలం డ్యాం ముంపు. కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది మా ఊరు. కొత్త చోట బడిలో చేర్చేటప్పుడు సారు ఇంటిపేరు అడిగారు. మా అసలు ఇంటిపేరు వేరే. నాయిన ఒక్క క్షణం ఆగి మునిగిపోయిన ఊరి పేరు చెప్పాడు. తర్వాత తమ్ముడికీ అదే రాయించాడు. ఎందుకని అమ్మ అడిగితే, "ఇగ ఎవరు పిలుస్తరే ఆ పేరు?" అన్నాడట.

పరిహారం కాగితాల కోసం ఆ రోజుల్లో నాయిన నెలకోసారి హైదరాబాద్ వచ్చేవాడు. ఒక ఆఫీసులో రేపు రమ్మంటే, ఇంకోదాంట్లో సంతకం లేదనేవారు. వచ్చిన పని కాకపోయినా ఈ బిస్కెట్లు మాత్రం కాగితం పొట్లంలో తెచ్చేవాడు. నేనూ తమ్ముడూ ముందు ఎర్రముక్కలు పీకి తినేవాళ్లం. ఒకసారి అడిగాను, ఆ దుకాణానికి కరాచీ అని ఎందుకు పెట్టారని. నాయిన చెప్పింది రెండే మాటలు: "వాళ్ల ఊరు."

2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్ షాపులో బోర్డు మీది కరాచీ అనే మాటను కప్పేయాల్సి వచ్చింది. 2025 మే నెలలో మన శంషాబాద్‌లోనే కొందరు కర్రలతో బోర్డును కొట్టారు. మాది భారతీయ సంస్థ, 1953లో ఇక్కడే పుట్టింది అని ఆ కుటుంబం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాకిస్తాన్‌తో యుద్ధం టెన్షన్ అప్పుడు అందరిలోనూ ఉంది, నాలోనూ ఉంది. కానీ ఆ బోర్డు మీద ఉన్నది శత్రుదేశం పేరు కాదు, ఒక మనిషి వదిలి రావాల్సి వచ్చిన ఇంటి చిరునామా. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు నాయిన మమ్మల్ని తీసుకెళ్లి బురదలో తేలిన మొండిగోడలు చూపించేవాడు, ఇది మన అరుగు, ఇది రచ్చబండ అని. ఖాన్‌చంద్‌కు ఆపాటి గోడ కూడా లేదు. పేరొక్కటే మిగిలింది.

నాలుగు డబ్బాలు అనుకున్నవి ఆరు కొన్నాను. తమ్ముడింటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. హాల్లో రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. ఒక్కోదానికి ఇరవైమూడు కిలోలే లెక్క. పచ్చళ్లు, కారం, జొన్నపిండి, కుక్కర్ అన్నీ సర్దాక త్రాసు మీద కిలోన్నర ఎక్కువ తేలింది. మరదలు బిస్కెట్ల వైపు చూసింది. పిల్ల గబగబా వంగి రెండు జీన్సు ప్యాంట్లు తీసి సోఫా మీద పడేసింది. "అక్కడ కొనుక్కుంటాలే అమ్మా."

సాయంత్రం ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు మార్కర్ తెచ్చి సూట్‌కేసు ట్యాగుల మీద పేరు రాసింది. పాస్‌పోర్టులో ఉన్నట్టే ముందు ఇంటిపేరు, పెద్ద పెద్ద అక్షరాలతో. నాయిన సారుకు చెప్పిన ఆ ఊరి పేరు. తడి ఆరలేదని ట్యాగును నోటి దగ్గర పెట్టుకుని ఊదింది.