పదకొండు మంది ఝాన్సీ లక్ష్మీబాయిలు

మార్చి 8కి మా అమ్మాయి స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పెట్టారు, చరిత్రలో గొప్ప మహిళలట. రెండో తరగతి పిల్లలు. ఎవరు ఏ వేషం వేస్తున్నారో వాట్సాప్ గ్రూపులో రాయమంటే పదకొండు మంది ఝాన్సీ లక్ష్మీబాయిలు తేలారు, ఇద్దరు మదర్ థెరిసాలు, ఒక కల్పనా చావ్లా. మా పిల్ల ఆ పదకొండు మందిలో ఒకతి. ఝాన్సీ రాణి మీద నాకేం కోపం లేదు గానీ, స్టేజీ మీద పదకొండు ప్లాస్టిక్ కత్తులు ఊహించుకునేసరికి నవ్వూ వచ్చింది, కాస్త చిరాకూ వేసింది.

"తెలుగు వాళ్ళెవరినైనా వేయిద్దామే" అని మా అమ్మతో అంటే, అమ్మ వెంటనే రుద్రమదేవి అంది. మళ్ళీ కత్తే. మొల్ల అంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంది. అక్కడితో ఇద్దరం ఆగిపోయాం. నాకు భండారు అచ్చమాంబ గుర్తొచ్చింది. అమ్మ "ఎవరే ఆవిడ?" అంది. ఎమ్మే తెలుగు చదివిన నాకే చాలా ఆలస్యంగా తెలిసింది, అమ్మని ఏమంటాను. "మన నందిగామ వైపావిడేనమ్మా" అన్నాను, అప్పుడు కాస్త ఆసక్తి పుట్టింది.

అచ్చమాంబ 1874లో పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళి. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు, అదే, తర్వాత విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టినాయన, చదువు కోసం నాగపూర్‌లో అక్కా బావల దగ్గర ఉండేవాడు. చదువుకోవడానికి వచ్చింది వాడు, వాడి దగ్గర కూర్చుని చదువు నేర్చుకున్నది అక్క. తెలుగుతో ఆగకుండా హిందీ, మరాఠీ కూడా పట్టింది. పిల్లలు పుట్టి చిన్నతనంలోనే పోయారు. ఆ దుఃఖంలో ఉండి, తెలుగు ఊళ్ళకి అంత దూరాన కూర్చుని ఆవిడ పెట్టుకున్న పని చూడండి: సుమారు వెయ్యేళ్ళ కాలంలో ఈ దేశంలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళ జీవితాలు వెతికి, ఒక్కచోట చేర్చి తెలుగులో రాయడం.

ఆ పుస్తకం పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. 1901లో వీరేశలింగం గారు అచ్చు వేశారు. ఇప్పుడు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. గ్రాంథికం కాబట్టి మొదటి నాలుగు పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, తర్వాత అలవాటైపోతుంది. నేనైతే ముందుమాట దగ్గరే ఉండిపోయాను. ఆడవాళ్ళు అబలలు, తెలివితక్కువ వాళ్ళు అంటూ కొందరు తిడుతుంటారే, అదంతా అబద్ధమని చూపించడమే తన మొదటి ఉద్దేశం అని నేరుగా రాసేసింది. చదువు చెప్తే, స్వాతంత్ర్యం ఇస్తే ఆడది చెడిపోతుందన్న మాట తప్పని చూపించడం రెండోది. అట్ట మీద 'అబలా' అని ఉంటుంది, లోపల మొదటి పేజీల్లోనే ఆ మాట తప్పని తేల్చేస్తుంది. కావాలనే చేసిందో, ఆ కాలపు మర్యాదకి ఆ పేరు పెట్టిందో గానీ నాకు మాత్రం భలే నచ్చింది.

అందులో మొల్ల ఉంది, గణితం చెప్పే లీలావతి ఉంది, ఖనా కూడా ఉంది. ఖనా అంటే మనకి పెద్దగా తెలియదు. బెంగాల్ పల్లెల్లో వానెప్పుడు పడుతుంది, విత్తనం ఎప్పుడు వేయాలి అన్న సామెతలు ఇప్పటికీ ఆవిడ పేరు మీదే చెప్పుకుంటారు. జ్యోతిష్యంలో మామగారిని మించిపోయిందని ఆవిడ నాలుక కోసేశారని అక్కడి కథ. ఎక్కడి బెంగాల్, ఎక్కడి నందిగామ! చరిత్రా కాదా అని వాదించుకోవచ్చు గానీ, తెలివైన కోడలికి ఏం గతి పట్టిందో చెప్పే కథని నూట ఇరవై ఏళ్ళ కింద తెలుగు ఆడపిల్లల ముందు పెట్టడం చిన్న విషయం అనిపించలేదు నాకు.

రాసి ఊరుకోలేదు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆ ఏడాదే హిందూ సుందరి పత్రికలో ధనత్రయోదశి అనే కథ రాసింది. పండగకి చేతిలో డబ్బు లేక మొగుడు యజమాని సొమ్ము తెస్తే, పెళ్ళాం తిరిగి ఇచ్చేదాకా ఊరుకోని కథ. తెలుగులో తొలి కథ 1910 నాటి దిద్దుబాటు అని మేం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. కాదు, అంతకు ముందే అచ్చమాంబ రాసిందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఏది ముందు, ఏది ఆధునికం అనే గొడవ పండితులకి వదిలేస్తాను, కానీ ఆ పేరే మాకు చెప్పకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాతి భాగాల్లో వేదాల్లో, పురాణాల్లో ఉన్న స్త్రీల గురించి, విదేశీ స్త్రీల గురించి రాయాలనుకుంది. పూర్తి కాలేదు. 1905 జనవరిలో పోయింది. ముప్ఫయ్యేళ్ళు. నా చెల్లెలు ఈ వయసులో ఇంకా ఏ ఉద్యోగం మారాలా అని ఆలోచిస్తోంది.

ట్యాంక్‌బండ్ మీద వీరేశలింగం గారున్నారు, మొల్ల ఉంది, రుద్రమ ఉంది. ఆడవాళ్ళ కథలు ఏరి పెట్టిన అచ్చమాంబ లేదు.

ఇదంతా మా పిల్లకి నాకు చేతనైనట్టు చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆవిడ చేతిలో ఏం పట్టుకోవాలి?" అంది. పుస్తకం అన్నాను. "ఇంకా?" అంది. ఇంకేం లేదమ్మా, పుస్తకమే. కాసేపు ఆలోచించి, కత్తి కొనేశాం కదా అమ్మా అంది. నిజమే, నూట యాభై రూపాయలు పెట్టి కొనేశాం. ఝాన్సీ రాణిగానే వెళ్ళింది.