యానాంలో ఓ పెళ్లి కబురు

ఎక్కడ శిలాఫలకం కనబడినా ఆగి చదవడం నాకో జబ్బు. ఇంట్లోవాళ్లకి విసుగు. మొన్న యానాంలోనూ అంతే.

1947లో చుట్టూ ఉన్న లంకలన్నిటికీ స్వతంత్రం వచ్చినా ఈ ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉండిపోయింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో జనం పాలన చేజిక్కించుకున్నారు. కాగితాల మీద విలీనం 1962 ఆగస్టు 16కి గానీ కాలేదు. ఎనిమిదేళ్లు!

గౌతమి గట్టున పులస బేరమాడుతున్న ఓ పెద్దాయన్ని కదిపితే అసలు కబురు చెప్పాడు. "మా అమ్మానాన్నల పెళ్లి ఇక్కడే అయింది బాబూ. బాల్యవివాహాలు కూడదనే శారదా చట్టం మనవైపు వచ్చింది గానీ ఫ్రెంచివాళ్ల దగ్గర లేదుగా. చిన్నపిల్లల పెళ్లిళ్లకి బళ్లు కట్టుకుని వచ్చేవారు." అందుకే కళ్యాణపురం అన్నారట.

ఏ ఫలకం మీద రాస్తారు ఇది? పులస రేటు మాత్రం అడక్కండి.