ముందు బండి పోయింది కదా

శుక్రవారం, రాత్రి పదిన్నర

మామయ్యకి ఈరోజు కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పొద్దున తీసుకెళ్తే మధ్యాహ్నం దాటాక నల్లకళ్లద్దాలు పెట్టి, చుక్కల మందు చేతికిచ్చి పంపేశారు. కంట్లో నీళ్లు పడకూడదు, వంగకూడదు, బరువులెత్తకూడదు అని నర్సు మరీమరీ చెప్పింది. ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది గానీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

మేం బయల్దేరేసరికి పెద్ద వాన వెలిసింది. బెంగళూరులో వాన వెలిశాకే అసలు కథ మొదలవుతుంది. కాడుబీసనహళ్లి దగ్గర రింగ్ రోడ్డు వదిలి, పనత్తూరు రైల్వే అండర్‌పాస్ దాటితే బళగెరె, మా ఇల్లు. ఆ సందులో మామూలు రోజుల్లోనే ఎదురుబండి వస్తే ఊపిరి బిగబట్టాలి. ఈరోజు కింద బురదనీళ్లు నిలిచిపోయాయి. గోడకి వేసిన పసుపు నలుపు చారల్లో కింద ఉండాల్సినవి కనపడట్లేదు.

మా ముందు ఒక పెద్ద ఎస్‌యూవీ అటూ ఇటూ నీళ్లు చిమ్ముకుంటూ దాటిపోయింది. దాని వెనక ఆటో దిగింది, ఆటో వెనక తెల్ల హ్యాచ్‌బ్యాక్. తర్వాత నా వంతు. ఆపేశాను. అంతే, వెనక హారన్ల మోత.

"ఏమ్మా ఆపినావు? ముందు బండి పోయింది కదా" అన్నారు మామయ్య.

నాకు నీళ్లకన్నా ఆ మాటంటేనే భయం. ఎస్‌యూవీ దాటిందంటే ఎస్‌యూవీ దాటగలిగేంత నీళ్లున్నాయని మాత్రమే లెక్క. మా చిన్నకారు అడుగుభాగం నేలకి 165 మిల్లీమీటర్లు, అంటే ఆరున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం కూడా దీనికి బాగా కిందే. పైగా పెద్దబండి పోతూ ముందుకి నెట్టిన నీళ్లు గోడకి తగిలి తిరిగి వచ్చేది వెనకున్న వాడి మీదికే. సగం టైరు లోతు అనుకున్నది, అల వచ్చినప్పుడు బంపర్ దాటి పోతుంది.

ఫస్ట్ గేరులో, గేరు మార్చకుండా, ఆపకుండా మెల్లగా పోవాలని అందరూ చెప్తారు. మాట నిజమే. కానీ ఆ సలహా ఇచ్చినవాళ్లు పనత్తూరు చూసి ఉండరు. ఎదురుగా ఒక టెంపో వచ్చింది, ఆటోవాడు నీళ్ల మధ్యలో బ్రేక్ వేశాడు, తెల్లకారు అతనూ వేయక తప్పలేదు. టెంపో లేపిన నీళ్లు వచ్చి అతని బానెట్‌కి కొట్టుకున్నాయి. బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది.

సెల్ఫ్ కొట్టాడు. కర్‌ర్‌ర్ మంది. మళ్లీ కొట్టాడు. నేను అద్దం దించి "స్టార్ట్ మాడ్‌బేడి సార్", స్టార్ట్ చెయ్యొద్దు అని కన్నడలో అరిచాను. ఆ హారన్లలో ఎవరికి వినపడుతుంది! ఈసారి టక్కుమని ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ ఇంచుమించు పదో వంతుకి నొక్కేస్తుంది. గాలి కాబట్టి నలుగుతుంది. ఆ గొట్టంలోంచి నీళ్లు దూరితే అవి నలగవు. కిందనుంచి మోటారు తిప్పుతూనే ఉంటుంది, పైన నీళ్లు కదలవు, మధ్యలో పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అతను ఆగిన బండిని ఆగినట్టే వదిలేసి తోయించుకుని ఉంటే, మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి తోసి, ఆయిలూ ఫిల్టరూ మారిస్తే సరిపోయేదేమో. ఇప్పుడు ఇంజిన్ దించాల్సిందే అనిపించింది ఆ టక్కు వింటే.

నలుగురు కుర్రాళ్లు మోకాళ్ల పైదాకా తడుస్తూ ఆ కారుని తోసుకొచ్చారు. అండర్‌పాస్ ముందున్న టీ బంకు అతను నీళ్లలో ఊడిపోయిన నంబరు ప్లేట్లు ఏరి గోడకి వరసగా నిలబెట్టాడు. అన్నీ కేఏ 53లు, కేఏ 51లు. మధ్యలో ఒకటి ఏపీ 39. ఎవరో మనవాళ్లే పాపం, ముందు బండి పోయింది కదా అనుకునే దిగుంటారు.

వెనక్కి తిప్పడం ఒక ప్రహసనం. డెలివరీ కుర్రాడొకడు దిగి వెనక బండ్లని ఒక్కొక్కటీ జరిపించాడు. ఒకాయన అద్దం దించి నన్ను ఏదో అన్నాడు కూడా. ఆడవాళ్ల డ్రైవింగ్ గురించే అయ్యుంటుంది. అననీ.

మారతహళ్లి, వర్తూరు మీదుగా చుట్టు తిరిగాం. దారిలో పెట్రోలు బంకులో ఆపి మామయ్యకి చుక్కలు వేశాను. తల వెనక్కి వాల్చి, మదనపల్లె వైపు వాళ్ల ఊరి వంక, అదే వాగు, గురించి ఎత్తుకున్నారు. "వంక పారేటప్పుడు ముందు మనిషి కర్ర పట్టుకుని దిగేవాడమ్మా. అవతలికి పోయి చెయ్యి ఊపితేనే బండి. లేదంటే ఎద్దుల్ని విప్పి పొద్దునదాకా ఈడనే." ఇక్కడ ఆ మనిషిని కూడా దించలేం మామయ్యా అన్నాను. మూత లేని డ్రైనేజీ ఎక్కడుందో, తెగిన కరెంటు తీగ ఎక్కడుందో ఏ కర్రకీ తెలియదు.

డోర్ అరలో ఉన్న చిన్న ఎర్ర సుత్తి ఆయన చేతికి తగిలింది. "ఇదెందుకు, కొబ్బరికాయ కొట్టేదానికా?" అన్నారు. 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో జరిగింది చెప్పాను. విధానసౌధ దగ్గర్లోనే. ఊరు చూద్దామని ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబం, అద్దె కారు. అండర్‌పాస్ నీళ్లలో ఆ కారు మునిగి, ఐటీ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి చనిపోయింది. ఆ సాయంత్రం నుంచే మా బండిలో ఈ సుత్తి ఉంది. మీటరు వెడల్పు తలుపుకి బయట అర మీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే, అవి నెట్టే బలం 125 కిలోల బరువుతో సమానం. లోపలినుంచి తొయ్యడం మనవల్ల కాదు. అందుకే ముందు బెల్టు తీసి, కరెంటు పని చేస్తుండగానే అద్దాలు దించేసుకోవాలి. దిగకపోతే పక్క అద్దం మూలన సుత్తితో కొట్టాలి. ముందద్దం జోలికి పోకూడదు, పొరలు అతికించింది కాబట్టి బీటలు వారుతుందే గానీ ఊడి రాదు. మామయ్య అంతా విని సుత్తిని ఒళ్లోనే పెట్టుకున్నారు, ఇల్లు వచ్చేదాకా.

వర్తూరు తర్వాత కూడా ఒకచోట చీలమండ లోతు నీళ్లున్నాయి. అక్కడ గోడవారన కాలిబాట అంచు కనపడుతోంది కాబట్టి మెల్లగా పోనిచ్చాను. దాటాక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నడిపాను. తడిసిన బ్రేకులు మొదటిసారి నొక్కితే పట్టవు.

బేస్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ అబ్బాయి, ఈవీ, అంటే బ్యాటరీ కారు, ఉంది అతనికి, "అక్కా, మాది గాలి పీల్చదు, నీళ్లతో ఇబ్బందే లేదు" అన్నాడు. బ్యాటరీ వరకూ ఒప్పుకుంటాను, నీళ్లు చొరబడకుండా ఇచ్చే రేటింగ్ ఐపీ67 అని ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకోవాలి. కానీ పారే నీళ్లు అడుగు ఎత్తున్నా చాలా కార్లని పక్కకి ఈడ్చేస్తాయి, ఈవీ అని చూసి వదలవు. 2022 సెప్టెంబరులో ఇదే వైపు ఆఫీసులకి జనం ట్రాక్టర్లెక్కి పోయారు. అప్పుడు ఈ అబ్బాయి ఇంకా కాలేజీలో ఉండుంటాడు.

మా ఆయన భోజనాల దగ్గర, అంత చుట్టు తిరగకపోతే ఏం, బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నారు. ఉంది. వరద నష్టం అందులో వస్తుంది. కానీ నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పోగొట్టుకుంటే, అది వరద చేసింది కాదు, మీరు చేసుకున్నదే అంటారు మామూలు పాలసీలో. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా కట్టుకోవాలి. మాకుంది, పోయినసారి ఆయన వద్దంటున్నా నేనే కట్టించాను. అయినా కంటి ఆపరేషన్ అయిన మనిషిని ఆ మురికినీళ్లలో దించితే ఏ పాలసీ ఇస్తుంది?

మామయ్య మాత్రం ఫోన్‌లో అత్తయ్యతో "ఊరంతా తిప్పిందిలే" అని ఫిర్యాదు చేశారు. రేపు తొమ్మిదింటికి మళ్లీ చూపించుకోమన్నారు. రాత్రి మళ్లీ పడేలా ఉంది. పడితే ఏడింటికే బయల్దేరి వర్తూరు మీదుగా పోవాలి. ఇడ్లీ పిండి ఇప్పుడే బయటికి తీసి పెట్టాను.