స్కోర్‌బుక్, రెండో ఏడాది: లాంగ్‌హార్న్స్‌కి కొత్త కోచ్ వచ్చిన సీజన్

ఈ సీజన్‌లో పెన్సిల్ పట్టి స్కోరు రాసిన బేస్‌బాల్ ఆటలు 41. అందులో 17 ఆస్టిన్‌లోని డిష్-ఫాక్ మైదానంలో కూర్చుని రాసినవి, మిగతావి ఇంట్లో టీవీ ముందు. పోయినేడు ఆటకుండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో నాలుగోది దాటేసరికి గళ్ళన్నీ కలగాపులగం అయిపోయి పేజీ వదిలేయాల్సి వచ్చేది. ఈసారి ఒక్క పేజీ కూడా మధ్యలో ఆగలేదు.

ఇంత పట్టుగా రాయడానికి కారణం ఉంది. టెక్సస్ యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్‌కి 2025 కొత్త కోచ్ కింద మొదటి సీజన్. పైగా కొత్త లీగ్, సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌ (ఎస్‌ఈసీ)లో మొదటి ఏడాది. కోచ్ మారితే జట్టులో ఏం మారుతుందో ఎవరో చెబితే వినడం కాకుండా, నా పేజీల్లోనే చూసుకోవాలనుకున్నాను.

ఆ కొత్త కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్ వచ్చిన తీరే పెద్ద గొడవ. 2024 జూన్ 24న ఆయన టెక్సస్ ఏ అండ్ ఎమ్ జట్టు ఒమహాలో జాతీయ టైటిల్ ఫైనల్లో టెనెసీ చేతిలో ఓడింది. ఒకట్రెండు రోజులు తిరక్కుండానే ఆస్టిన్‌లో ఉన్న మా జట్టుకి కోచ్‌గా ఖరారయ్యాడు. ఆ రెండు యూనివర్సిటీల మధ్య వైరం ఎలాంటిదో ఈ రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడి పరిస్థితి చూస్తే, పాత కోచ్ డేవిడ్ పియర్స్ చివరి సీజన్‌లో 36 గెలుపులు, 24 ఓటములు. ఆరుసార్లు జాతీయ టైటిల్ గెలిచిన జట్టు ఇది, కానీ ఆఖరిది 2005లో.

ముందు రాసే పద్ధతి చెప్తాను, మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. మా ఊళ్ళో సంక్రాంతి టోర్నమెంట్లకి క్రికెట్ స్కోరు రాసిన అలవాటు నాది. అక్కడ బౌలర్ పేరు ఎదురుగా చుక్కలు, అంకెలు పెట్టుకుంటూ పోతాం. ఇక్కడ బ్యాటర్ దిగిన ప్రతిసారీ ఒక గడి, గడి మధ్యలో చిన్న డైమండ్, అంటే నాలుగు బేస్‌ల బొమ్మ. బ్యాటర్ ఎన్ని బేస్‌లు చేరితే అంత మేర గీత. ఫీల్డర్లకి పేర్లు రాయం, అంకెలు రాస్తాం. పిచర్ (బంతి వేసేవాడు) 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6, అవుట్‌ఫీల్డ్ ఎడమ నుంచి 7, 8, 9. 6-4-3 అని ఉంటే బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి పోయింది, అక్కడి నుంచి సెకండ్‌కి, ఫస్ట్‌కి. ఇద్దరు అవుట్. స్ట్రైక్అవుట్‌కి (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుటైతే) ‘కె’ అక్షరం, బ్యాట్ ఊపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. ఈ తొమ్మిది అంకెలు నోటికొస్తే సగం పని అయిపోయినట్టే.

పెన్ను వాడకండి. ఏప్రిల్ దాటాక ఆస్టిన్ ఎండకి అరచెయ్యి చెమటతో తడిసి, పక్క గడి మీద సిరా అలుక్కుపోతుంది. 0.7 మెకానికల్ పెన్సిల్, రబ్బరు, గాలికి పేజీ లేవకుండా రెండు క్లిప్పులు చాలు. పిచర్ మారినచోట మాత్రం ఎర్రపెన్నుతో అడ్డగీత. సీజన్ అయ్యాక పుస్తకం తిరగేస్తే ఆ ఎర్రగీతలే ముందు కంటపడతాయి, కోచ్ ఆలోచన అక్కడే ఉంటుంది కాబట్టి.

మామూలు స్కోర్‌బుక్‌లో లేని మూడు వరసలు పేజీ అడుగున గీసుకున్నాను. మొదటి బంతే స్ట్రైక్ పడిందా? ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ బేస్ చేరాడా? ఇద్దరు అవుటయ్యాక రన్స్ వచ్చాయా? మొదటిది పిచింగ్ కోచ్ పని చెప్తుంది. ష్లాస్‌నేగల్ తనతో తెచ్చుకున్న మ్యాక్స్ వైనర్‌ది ఆ బాధ్యత. మూడోదాంట్లో అదృష్టం పాలు ఎక్కువని నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఇక సీజన్ సంగతి. లీగ్ ఆటలు మొదలైన దగ్గర్నుంచి ఏప్రిల్ చివరి దాకా జట్టు ఆడిన తీరు మర్చిపోలేను. ఎస్‌ఈసీలో 19 గెలుపులు, 2 ఓటములు. తర్వాత దేశ ఛాంపియన్ అయిన ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) మీద కూడా ఇక్కడ సిరీస్ గెలిచారు. ఏప్రిల్ ఆఖరి వారాంతం ఏ అండ్ ఎమ్ ఆస్టిన్ వస్తే మూడుకి మూడూ గెలిచారు. ఆ మూడు రోజుల పేజీల్లో రబ్బరు మరకలే ఎక్కువ. అంతలా చెయ్యి వణికింది.

కోచ్ చెయ్యి ఎక్కడ కనిపించిందని ఎవరైనా అడిగితే నేను డిలన్ వొలాంటిస్ పేజీలే చూపిస్తాను. ఫ్రెష్‌మన్, అంటే కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు, ఎడంచేతి పిచర్. అంత ప్రతిభ ఉన్న కుర్రాణ్ని సాధారణంగా వారాంతం ఆట మొదలెట్టడానికి పెడతారు. వీళ్ళు చివర్లో దించారు. అది కూడా ఒక్క ఇన్నింగ్స్‌కి కాదు, ఏడులోనో ఎనిమిదిలోనో వచ్చి ఆట ముగించేదాకా. 12 సేవ్‌లు చేశాడు, అంటే చివర్లో వచ్చి ఆధిక్యం చేజారకుండా ముగించిన ఆటలు. నా పుస్తకంలో అతని ఎర్రగీత కింద ఖాళీ డైమండ్లే కనిపిస్తాయి, బేస్ చేరినవాళ్ళు అంత తక్కువ. ఇది ఆటగాడి గొప్పతనమే, కాదనను. కానీ ఆ చోటు అతనికి ఎంచి ఇచ్చింది కోచ్.

మే నెలలో కథ మారింది. ఆర్కాన్సా వెళ్ళి మూడూ ఓడారు. ఫ్లోరిడా ఇక్కడికొచ్చి రెండు పట్టుకుపోయింది. ఓక్లహోమాలో రెండు గెలిచి లీగ్ టైటిల్ ఖాయం చేసుకున్నారు, 22-8తో. వచ్చిన మొదటి ఏడాదే ఎస్‌ఈసీ టైటిల్! ఆ రాత్రి ఇంట్లో మేమంతా అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు తలుపు తట్టారు. అయినా పుస్తకంలో లెక్క దాగదు. చివరి తొమ్మిది లీగ్ ఆటల్లో గెలిచింది మూడే.

2024లో పాత లీగ్ బిగ్ 12 ఉత్తమ ఆటగాడిగా నిలిచిన మ్యాక్స్ బెల్యూ బొటనవేలి దెబ్బతో వారాల తరబడి లేడు. ఇండియానా స్టేట్ నుంచి వచ్చిన పిచర్ జారెడ్ స్పెన్సర్ భుజం దెబ్బతో సీజన్‌కే దూరమయ్యాడు. ఈ రెండు ఖాళీలూ కోచ్ తప్పు కాదు. వాటిని పూడ్చడానికి బుల్‌పెన్ (ఆట మధ్యలో దించే పిచర్లు) మీద పడ్డ బరువు మాత్రం మేలో నా పేజీల నిండా కనిపిస్తోంది. ఫిబ్రవరి పేజీలతో పోలిస్తే ఎర్రగీతలు ముందుగా, ఎక్కువగా పడ్డాయి.

హూవర్‌లో జరిగిన లీగ్ టోర్నమెంట్‌లో టెనెసీ మీద ఆట 12 ఇన్నింగ్స్ నడిచింది. నా పుస్తకంలో ఉన్నవి పది నిలువు వరసలే. పదకొండో ఇన్నింగ్స్ ‘మొత్తం రన్స్’ గడుల్లో రాశాను, పన్నెండోది పేజీ మార్జిన్‌లో, అగ్గిపుల్ల తలంత డైమండ్లు గీసి. మా అమ్మాయి పక్కనే కూర్చుని, “నాన్నా, ఇంకో ఇన్నింగ్స్ వస్తే ఎక్కడ రాస్తావ్?” అంది. రాలేదు. ఓడిపోయారు.

జాతీయ టోర్నమెంట్‌కి రెండో సీడ్‌గా వెళ్ళారు. 64 జట్లు, 16 చోట్ల నాలుగేసి, రెండుసార్లు ఓడితే ఇంటికి. ఈ మొదటి దశనే రీజినల్ అంటారు. ఆస్టిన్‌లోనే ఆటలు. హ్యూస్టన్ క్రిస్టియన్ మీద 7-1తో గెలిచారు. మర్నాడు సాన్ ఆంటోనియో నుంచి వచ్చిన యూటీఎస్‌ఏ చేతిలో 9-7తో ఓడారు. ఆదివారం కాన్సస్ స్టేట్ మీద 15-8తో గెలిచి, అదే రోజు మళ్ళీ యూటీఎస్‌ఏ మీద దిగి 7-4తో ఓడారు. సీజన్ 44-14 దగ్గర ఆగిపోయింది. యూటీఎస్‌ఏ ఊరికే గెలవలేదు. మార్చిలోనూ ఇక్కడికే వచ్చి ఓడించిన జట్టది. ఒకే రోజు రెండు ఆటలు రాయాలంటే నీళ్ళ సీసా, టోపీతో పాటు రెండో పెన్సిల్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఆ ఆదివారం నాది రెండో ఆటలో విరిగింది.

ఇప్పుడు నా తీర్పు. ఆ ఓటమి తర్వాత చాలామంది సీజన్ వృథా అన్నారు. నేను ఒప్పుకోను. అదే వారాంతం మొదటి సీడ్ వాండర్‌బిల్ట్ కూడా సొంత మైదానంలోనే ఇంటికెళ్ళింది. నాలుగు ఆటల్లో ఏదైనా జరగొచ్చు, 30 లీగ్ ఆటల్లో 22 గెలవడం అలా జరిగేది కాదు. అలాగని రీజినల్‌ని దురదృష్టం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడమూ తప్పే. ఆర్కాన్సా ప్రయాణం నుంచి లెక్కేసి, లీగ్‌తో సంబంధం లేని మంగళవారం ఆటలు పక్కనపెడితే, 5 గెలుపులు, 9 ఓటములు. జట్టు అలిసిపోయిందని జూన్ 1న కాదు, మే మొదటి వారంలోనే పేజీ చెప్పింది. వచ్చే ఏడాది ష్లాస్‌నేగల్ నుంచి నాకు కావాల్సింది ఒక్కటే: ఏప్రిల్‌లోనే బుల్‌పెన్‌లో ఇంకో ఇద్దరికి నమ్మకంగా బంతివ్వడం.

పోలికకి ఏ అండ్ ఎమ్ ఉంది. వాళ్ళకీ కొత్త కోచ్, మైఖేల్ ఎర్లీ. సీజన్ ముందు దేశంలో నంబర్ వన్ అన్న జట్టు 30-26తో ముగించి, 64లో కూడా లేకుండా పోయింది. మంచి ఆటగాళ్ళు ఉన్నంత మాత్రాన జట్టు దానంతటదే నడవదని ఆ పక్కన చూస్తే తెలుస్తుంది. ఎర్లీని మాత్రం ఒక్క ఏడాదికే తేల్చేయడం న్యాయం కాదు.

పాత పుస్తకం నిండింది. కొత్తది 14 వరసలది తెప్పించాను, మొదటి బంతి వరస ఈసారి మా అమ్మాయి రాస్తానంది. ఫాల్ బాల్ (సీజన్‌కి ముందు శరదృతువులో జరిగే ప్రాక్టీస్ ఆటలు) మొదలయ్యేలోపు తనకి ఆ తొమ్మిది అంకెలు నేర్పాలి. ఇప్పటికి అయిదు వచ్చాయి, షార్ట్‌స్టాప్‌ని ఇంకా 5 అనే అంటోంది.