టాకిల్‌లో తల తప్పించడం ఎలా నేర్పుతాం – నా అనుభవం

అమెరికాలో డాలస్ దగ్గర పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సహాయ కోచ్‌గా చేస్తున్నాను. ఇక్కడ మన తెలుగు పిల్లలూ ప్యాడ్లు కట్టుకుని దిగుతున్నారు కాబట్టి, టాకిల్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఒంటితో అడ్డుకుని పడేయడం) ఎలా నేర్పుతామో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మెడ సంగతి. తల ఎత్తి ఉన్నంతసేపూ మెడపూసలు సహజమైన వంపులో ఉండి దెబ్బని కండరాలకి పంచుతాయి. తల 30 డిగ్రీలు వంగితే చాలు, ఆ వంపు పోయి మెడ కర్రలా నిటారుగా అయిపోతుంది. ఆ స్థితిలో నడినెత్తి తగిలితే ఒంటి వేగమంతా పూసల మీదే పడుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ మెడకి అడ్డుపడదు, లోపల మెదడు కుదుపుని ఆపలేదు. 1976లో స్కూలు, కాలేజీ ఆటల్లో తలతో గుద్దడాన్ని నిషేధించారు. ఆ ఏడాది 34 ఉన్న శాశ్వత పక్షవాతం కేసులు 1984కి 5కి తగ్గాయి. 2017లో పిట్స్‌బర్గ్ ఆటగాడు రయాన్ షేజియర్ వెన్ను దెబ్బతిన్నదీ తల దించి చేసిన టాకిల్‌లోనే.

తల ఎత్తమని ఎంత అరిచినా లాభం లేదు, తప్పు పాదం దగ్గర మొదలవుతుంది. పిల్లలు దూరం నుంచే దూకుతారు. దూకితే నడుము వంగి తల దానంతటదే దిగిపోతుంది. అందుకే బంతి పట్టుకున్నవాడి దగ్గరి తుంటి మీద చూపు పెట్టి, చివరి మూడు గజాల్లో చిన్న అడుగులు వేయమంటాం. ఏ భుజంతో తాకాలో ఆ పక్క పాదమే వాడికి బాగా దగ్గరగా పడాలి. కుడి భుజంతో తాకబోతూ ఎడమ పాదం ముందు వేస్తే ఒళ్ళు తిరిగిపోయి తల వాడి మోకాళ్ళకి అడ్డం వస్తుంది. భుజం తొడ పైభాగాన దిగాలి, చెంప వాడి వెనక పక్కకి ఆనాలి, చేతులు తొడల వెనక బిగియాలి, ఆపైన కాళ్ళు ఆడుతూనే ఉండాలి. సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టు 2014లో వీడియో చేసి చూపించిన రగ్బీ తరహా టాకిల్ ఇదే.

మొదట ఒక మోకాలి మీద ఉండి బ్యాగ్‌ని పట్టడం, తర్వాత ఒక్క అడుగుతో, ఆ తర్వాత దొర్లే ఫోమ్ చక్రం. తోటి పిల్లాడి మీద చేసేటప్పుడు పట్టి ఆపడమే, పడేయడం ఉండదు. డార్ట్‌మౌత్ కాలేజీ జట్టు కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లోనే ప్రాక్టీసులో ఆటగాళ్ళు ఒకరినొకరు టాకిల్ చేయడం మాన్పించారు. ఈ సాధనంతా మొదటి అరగంటలోనే అయిపోవాలి, అలిసిన పిల్లాడి తల తప్పకుండా వాలుతుంది.

బంతి ఉన్నవాణ్ణి వెనక నుంచి పట్టుకున్నప్పుడు మన తుంటిని కిందికి వదిలేసి వాడి కాళ్ళ మీద కూలబడకూడదు, వాడి చీలమండలు విరుగుతాయి. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2024లో దాన్ని నిషేధించింది. పట్టు వదలకుండా వెంట పరుగెత్తి పక్కకి దొర్లాలి.

దెబ్బ తగిలాక కళ్ళు తేలేసినా, తడబడినా, అడిగిన దానికి ఆలస్యంగా జవాబిచ్చినా హెల్మెట్ మేమే తీసి దాచేస్తాం. ఆ రోజుకి వాడికి ఆట లేదు. డాక్టర్ ఒప్పుకున్నాక ముందు నడక, తర్వాత పరుగు, తగలని డ్రిల్స్, చివరికి టాకిల్. ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు ఆగాలి. తలనొప్పి తిరగబెడితే వెనకటి మెట్టుకి వెళ్ళాలి.