గంటకి 6.70 పౌండ్లు, వెనక గోడకి ఆనుకుని ఒక బాలే

2016లో లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేస్తూ ఒక మల్టీప్లెక్స్‌లో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. స్టూడెంట్ వీసా కాబట్టి వారానికి 20 గంటలు, అంతకు మించి ఒక్క నిమిషం చేసినా భయమే. ఆ ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి పాతికేళ్లు నిండినవాళ్లకి కనీస జీతం గంటకి 7.20 పౌండ్లు చేశారు, నాకేమో 23, కాబట్టి పాత రేటే, 6.70. పాప్‌కార్న్ మాత్రం వయసు చూసి రాలదు కదా, అందరం ఒకేలా ఊడవాల్సిందే. ఇంట్లో అయితే సినిమా హాల్లో కంప్యూటర్ పని అని చెప్పా. మరీ పచ్చి అబద్ధం కాదులెండి, టికెట్లు స్కాన్ చేసేది కూడా కంప్యూటరే.

ఊడవడం కాకుండా ఇంకో పని ఉండేది, స్క్రీన్ చెక్. అరగంటకోసారి ఒక్కో హాల్లోకి వెళ్లి వెనక గోడ దగ్గర నిలబడి, బొమ్మ సరిగ్గా ఉందా, సౌండ్ వస్తోందా, ఎవడైనా ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడా చూసుకుని, షీట్ మీద సంతకం పెట్టి బయటికి రావాలి. రెండు నిమిషాల పని. దాంతో ఆ ఏడాది వచ్చిన సినిమాలన్నీ నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు, హీరో ఎవర్ని చంపాడో తెలుసు, ఎందుకు చంపాడో తెలీదు.

ఏప్రిల్ 6, బుధవారం. లండన్ రాయల్ ఒపేరా హౌస్ నుంచి బాలే, అంటే యూరప్‌వాళ్ల డాన్స్ నాటకం, లైవ్. పేరు జిజెల్. అక్కడ స్టేజీ మీద ఆడుతుంటే శాటిలైట్‌లో ఇక్కడ తెర మీద వస్తుందన్నమాట. మామూలుగా మా హాలుకి వచ్చేవాళ్లు వేరు, ఆ రోజు వచ్చినవాళ్లు వేరు. అన్నీ తెల్లజుట్టు తలలే, కోట్లు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు, చేతిలో వైన్ గ్లాసులు, పాప్‌కార్న్ కొన్నవాడు ఒక్కడూ లేడు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. సిగ్నల్ పోతే అందరికీ డబ్బులు తిరిగివ్వాలని మా సూపర్‌వైజర్‌కి ఒకటే టెన్షన్, పావుగంటకోసారి వెళ్లి చూసి రమ్మంది. నా అదృష్టం అక్కడ మొదలైంది.

మొదటిసారి వెళ్లేసరికి ఏదో పల్లెటూరు, ద్రాక్ష కోతల కాలం, ఒకమ్మాయి బెంచీ మీద కూర్చుని పువ్వు రేకులు తుంచుతోంది, ప్రేమిస్తున్నాడా లేదా అని. పక్కన కుర్రాడు. ఎవరూ మాట్లాడట్లేదు. ఇంకాసేపట్లో పాటన్నా వస్తుందిలే అనుకుని బయటికొచ్చేశా. రెండోసారి వెళ్లినా మాట లేదు పాట లేదు. ఈసారి ఆ అమ్మాయి వాళ్లమ్మ చేతులతో ఏదో చెబుతోంది. చేతులు రెండూ తలపైకెత్తి ఒకదాని చుట్టూ ఒకటి తిప్పింది, తర్వాత పిడికిళ్లు బిగించి మణికట్ల దగ్గర అడ్డంగా పెట్టి కిందికి దించింది. నాకు టక్కున అర్థమైపోయింది, ఇలాగే డాన్సాడుతూ తిరిగితే చచ్చిపోతావే అంటోంది. ఆ అమ్మాయిది అసలే గుండెజబ్బు, అది తర్వాత తెలిసింది.

మాది మొవ్వ దగ్గర పల్లెటూరు. కూచిపూడి మాకు సైకిల్ తొక్కితే వచ్చేస్తుంది. అయినా నేను నేర్చుకుంది సీ ప్రోగ్రామింగే, ముద్రలంటే శివరాత్రికి స్టేజీ కట్టి ఆడించినప్పుడు చాప మీద నిద్రలో జోగుతూ చూసినవే. అదేదో ఒంట్లోకి ఎక్కినట్టుంది నాకు తెలీకుండా. కాకపోతే మన దగ్గర చెయ్యి చెప్పేది వెనకాల పాటలో కూడా ఉంటుంది, చెయ్యి అర్థం కాకపోతే చెవి ఆదుకుంటుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. ఇంకోటి చెప్పాలి, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే మగాడంటే నమ్మేవాళ్లు కాదని మా నాయనమ్మ చెబుతుండేది, పారిస్‌లో సరిగ్గా దానికి తిరగేసి, 1870లో కొప్పేలియా అనే బాలేలో హీరో వేషం వేసింది ఆడమనిషి. ఇది చాలా తర్వాత చదివా, నాయనమ్మకి చెబ్దామనుకునేసరికి ఆవిడ లేదు.

మూడోసారి వెళ్లేసరికి అంతా తలకిందులైపోయింది. ఆ కుర్రాడు పల్లెటూరివాడు కాదు, మారువేషంలో ఉన్న దొర, పైగా ఇంకో గొప్పింటి పిల్లతో నిశ్చితార్థం అయిపోయినవాడు. జుట్టు విరబోసుకుని ఆ అమ్మాయి పిచ్చిదానిలా స్టేజీ అంతా తిరుగుతోంది, లేని పువ్వుని చేతిలో పట్టుకుని రేకులు తుంచుతోంది. మొదటిసారి పువ్వు దగ్గర విన్న ట్యూనే మళ్లీ వస్తోంది, ఈసారి తెగిపోయి, మధ్యమధ్యలో ఆగిపోయి. సంగీతం గురించి నాకు ఓనమాలు రావు, కానీ ఆ ట్యూను పోల్చుకున్నా. కెమెరా మొహం మీదికి వెళ్లింది. కళ్లు ఎవర్నీ చూడట్లేదు. జిజెల్ వేషం వేసినావిడ పేరు మారియనేలా నూన్యెజ్, అర్జెంటీనా నుంచి పదిహేనేళ్లకే లండన్ వచ్చేసిందట. అంటే ఆవిడా మనలాగే వలసొచ్చిందే. చెవిలో వాకీటాకీ గుర్రుమంది, స్క్రీన్ ఆరు ఓకేనా అని. ఓకే అన్నా, కాళ్లు మాత్రం కదల్లేదు. కత్తితో పొడుచుకుని ఆ పిల్ల పోయేదాకా అక్కడే ఉన్నా.

ఇంటర్వెల్‌లో ఐస్‌క్రీమ్ కప్పులు అమ్మే డ్యూటీ నాదే. చూస్తున్నావా మి డక్ అని అడిగింది ఒక పెద్దావిడ, లెస్టర్‌లో ముద్దుగా అలాగే పిలుస్తారు, మొదట్లో బాతు అంటున్నారేంటి అని ఉడుక్కునేవాణ్ణి. ముక్కలు ముక్కలుగా అన్నా. అయ్యో అని, నేను చిల్లర లెక్కపెట్టి ఇచ్చే లోపు రెండో అంకం కథంతా చెప్పేసింది. పెళ్లి కాకుండా చచ్చిపోయిన అమ్మాయిలు విలీలు అనే దెయ్యాలవుతారట, రాత్రిపూట అడవిలో దొరికిన మగాణ్ణి చచ్చేదాకా డాన్స్ చేయిస్తారట. 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడినప్పటి నుంచీ ఈ రెండో అంకం కోసమే జనం వస్తారు అంది.

నిజమే. పొగమంచు, చీకటి, పిక్కల దాకా ఉన్న తెల్ల గౌన్లలో ఓ ఇరవై మంది దాకా అమ్మాయిలు. రెండు వైపుల నుంచి వరసలుగా ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి ఒక వరసలోంచి ఒకటి దూరి దాటిపోతారు, గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. కానీ మా హాలు స్పీకర్లలో బూట్లు నేలకి తగిలే చప్పుడు కూడా వస్తోంది, టప్ టప్ టప్‌మని. నాకది భలే నచ్చింది. దెయ్యాలకీ బరువుంది. వాళ్ల రాణి మిర్తా చేతిలో ఒక కొమ్మ ఉంటుంది, అది చాపితే ఎంతటివాడైనా ఆడాల్సిందే, మా సూపర్‌వైజర్‌కి కొమ్మ బదులు వాకీటాకీ, అంతే తేడా.

ఆ దొర ఆడుతున్నాడు. ఎగురుతున్నాడు, పడుతున్నాడు, లేస్తున్నాడు. దగ్గర్నించి చూపిస్తే డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, చెంపల మీంచి చెమట కారుతోంది. నటనో నిజమో తెలీట్లేదు, రెండూ అయ్యుంటాయి. చచ్చిపోయిన జిజెల్ వచ్చి వాడికి అడ్డం నిలబడి తెల్లారేదాకా కాపాడుతుంది. కెమెరా అంతా వాళ్లిద్దరి మీదే. కెమెరా కాస్త వెనక్కి జరిగినప్పుడల్లా నా కళ్లు మాత్రం అంచుల్లోకి పోతున్నాయి. ఆ అమ్మాయిలు అక్కడే ఉన్నారు. రెండు పక్కలా వరస కట్టి, ఒక కాలు వెనక్కి పెట్టి, తల వంచుకుని, కదలకుండా. ఒక నిమిషం కాదు రెండు నిమిషాలు కాదు. నేను బయటికెళ్లి రెండు హాళ్లు చెక్ చేసుకుని తిరిగొచ్చేసరికి ఒకచోట అప్పటిలాగే నిలబడి ఉన్నారు. నిలబడటం అంత తేలిక పని కాదని నాకు తెలుసు. ఆరు గంటలు నిలబడితే నొప్పి ముందు పాదాల్లో రాదు, నడుం కింద మొదలవుతుంది, తర్వాత మోకాళ్లలోకి దిగుతుంది, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటే కాస్త సుఖం. వాళ్లకి ఆ మార్చుకోవడం కూడా లేదు. ఎడం పక్క చివర్న ఉన్న పిల్ల మెడ నరం బిగుసుకుని ఉంది, ఒకే ఒక్క క్షణం కనిపించింది, తర్వాత మళ్లీ హీరో. పేర్లు పడేటప్పుడు ఆ పిల్లది ఏ పేరో ఎలా తెలుస్తుంది?

తెల్లారి గంట కొట్టారు, దెయ్యాలు వెళ్లిపోయాయి. నా డ్యూటీ ఒంటిగంటకి గానీ అవ్వలేదు. ఆ హాల్లో ఊడవడానికి మాత్రం ఏమీ లేదు, రెండు ఐస్‌క్రీమ్ చెంచాలు, ఒక చేతి తొడుగు.

నిద్ర పట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం అదే రికార్డింగ్ మళ్లీ వేస్తున్నారని మా డ్యూటీల చార్టులో చూశా. ఇలాంటి స్పెషల్ షోలకి స్టాఫ్ కార్డు చెల్లదు, టికెట్ దాదాపు రెండు గంటలు నిలబడ్డ డబ్బు. కొన్నా. అదే హాల్లో మొదటిసారి కూర్చున్నా, సీట్లు ఇంత మెత్తగా ఉంటాయని తెలీదు. మొదటి నుంచి చివరిదాకా చూస్తే కొన్ని కొత్తగా తెలిశాయి. మొదటి అంకంలో ఊరివాళ్ల డాన్సులు బాగా సాగదీశారు, అది ముక్కల్లో చూడటమే నయం. హిలారియన్ అని వేటగాడు ఒకడున్నాడు, దొర గుట్టు బయటపెట్టింది వాడే, వాడు చెప్పింది అక్షరాలా నిజం, పాపం వాణ్ణేమో ఆడించి ఆడించి చెరువులో తోసేశారు, మోసం చేసిన దొర మాత్రం బతికిపోయాడు. డబ్బున్నోడి మీద దెయ్యాలకి కూడా దయే.

సరిగ్గా ఆ వరసలు దాటుకునే చోట వెనక తలుపు తెరుచుకుంది. మా పోలండ్ కుర్రాడు, స్క్రీన్ చెక్. తల తిప్పి చూశా. చేతిలో షీట్, గోడకి ఆనుకుని, బరువు కుడికాలి మీద వేసి నిలబడ్డాడు. రెండు నిమిషాలైంది. వెళ్లలేదు.

నడుచుకుంటూ ఇంటికొస్తూ అమ్మకి ఫోన్ చేశా, అక్కడ రాత్రి తొమ్మిది దాటింది, సీరియల్ సౌండ్ తగ్గించి కథంతా వింది. చచ్చి కూడా వాడినే కాపాడిందా, పిచ్చి మొహంది, అంది. కాసేపాగి, ఇంతకీ టికెట్టెంతరా అంది.

స్టాఫ్ కదమ్మా, మాకు ఫ్రీ అన్నా.