కెమిస్ట్రీ పుస్తకం ఎంచుకున్నందుకు కమిషన్ అన్నారు

మా కాలేజీ లైబ్రరీకి బీఎస్సీ ఫస్టియర్ పిల్లల కోసం జనరల్ కెమిస్ట్రీ పుస్తకాలు కొనే పని నిన్నటితో పూర్తయింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తే ఈ పని నెత్తికెత్తుకునే లెక్చరర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కావలి దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. కలిగిరి, కొండాపురం, జలదంకి వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలే మాకు ఎక్కువ. చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. చేతికిచ్చిన పుస్తకం అర్థం కాకపోతే వాళ్ళు సబ్జెక్టు మానరు, పుస్తకం మానేసి గైడు పట్టుకుంటారు. అందుకే ఈ ఎంపికను నేను చిన్న పనిగా చూడను.

సిలబస్ యూనివర్సిటీ నుంచి సులువుగానే దొరికింది. చివర్లో రిఫరెన్సు పుస్తకాల జాబితా ఉంటుంది. అందులో పేర్లుంటాయి గానీ, మన పిల్లలకు ఏది ఎక్కుతుందో ఉండదు. నెల్లూరు ట్రంక్ రోడ్డు షాపుల్లో కొన్ని తిరగేశాను, ఏజెంట్ల దగ్గర స్పెసిమెన్ కాపీలు (చూడటానికి ఉచితంగా ఇచ్చేవి) తీసుకున్నాను. తీసుకున్న ప్రతి కాపీనీ అదే రోజు లైబ్రరీ రిజిస్టర్లో ఎక్కించి లైబ్రేరియన్ సంతకం పెట్టించాను. మీరూ అలాగే చేయండి, ఎందుకో కింద చెప్తాను.

పుస్తకం చేతికి రాగానే ముందు మోల్ పేజీ చూస్తాను. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు. ఇంకా 12 గ్రాముల కార్బన్-12 అనే పాత నిర్వచనమే ఇచ్చి ఊరుకున్న పుస్తకాన్ని పక్కన పెట్టాను. తర్వాత ఎస్.టి.పి., అంటే వాయువుల్ని కొలిచే ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం. ఈ ప్రామాణిక పీడనాన్ని 1982లోనే ఐయూపాక్ (రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంస్థ) 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కి మార్చింది. 1 అట్మాస్ఫియర్ దగ్గర మోలార్ ఘనపరిమాణం (ఒక మోల్ వాయువు పట్టే చోటు) 22.4 లీటర్లు, 1 బార్ దగ్గర 22.7. ఏ పీడనానికో చెప్పకుండా 22.4 అని రాసిన పుస్తకం పిల్లల్ని తికమక పెడుతుంది. ఆఖరిగా ఆవర్తన పట్టిక. 113, 115, 117, 118 మూలకాలకు 2016లో నిహోనియం, మాస్కోవియం, టెనెసిన్, ఒగనెసన్ అని పేర్లు ఖాయమయ్యాయి. ఆ గడుల్లో పాత తాత్కాలిక పేర్లే ఉంటే, కవరు మీద ఎంత కొత్త సంవత్సరం వేసినా లోపల సరుకు పాతదే. ఇవన్నీ షాపులో నిలబడే చూడొచ్చు.

అమెరికా పుస్తకాల్లో బొమ్మలు బాగుంటాయి, వివరణ ఓపికగా ఉంటుంది. కానీ లెక్కల్లో ఫారెన్‌హీట్, గ్యాలన్లు కూడా వస్తాయి, నార్మాలిటీ (ద్రావణం గాఢత చెప్పే పాత పద్ధతి) దాదాపు కనిపించదు. మా ల్యాబ్‌లో పర్మాంగనేట్, మోర్ సాల్ట్ టైట్రేషన్ ఇప్పటికీ నార్మాలిటీతోనే చేయిస్తాం. ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది కాబట్టి 0.1 నార్మల్ అంటే 0.02 మోలార్ (లీటరుకు 0.02 మోల్) అని విడమరిచి చెప్పే పుస్తకం మాకు కావాలి. అందుకని మన దేశపు పుస్తకమే ఖాయం చేసుకున్నాను.

ఖాయం చేసుకునే ముందు పిల్లలకు పరీక్ష పెట్టాను. కెమికల్ బాండింగ్‌లో ఒక్కో పుస్తకం నుంచి రెండేసి పేజీలు జిరాక్స్ తీయించి, చదువుతూ ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను. హైబ్రిడైజేషన్ లాంటి కష్టమైన విషయం దగ్గర ఎవరూ ఆగలేదు. నాలుగు వరుసలు సాగే వాక్యాల దగ్గర ఆగారు. నేను ఎంచుకున్న పుస్తకంలో గీతలు అన్నిటికంటే తక్కువ పడ్డాయి.

ఆ కాగితాలు పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలో కొనుగోలు కమిటీకి వెళ్ళాను. మేనేజ్‌మెంట్ తరఫున లెక్కలు చూసే ఆయన నా కాగితాలు ముట్టుకోలేదు. ఒక గైడు తీసి బల్ల మీద పెట్టి, "దీంట్లో అన్ని యూనిట్లూ, పాత పేపర్లూ ఉన్నాయి గదా మేడమ్, రేటూ తక్కువే. వేరేది కొనాలని మీకేంది అంత పట్టుదల?" అన్నాడు. నేను మోల్ పేజీ దగ్గర మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపి, అందరి ముందూ, "ఆ కంపెనీవాళ్ళు మీకేమన్నా ఇస్తామన్నారా?" అని అడిగాడు.

గదిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఏళ్ళుగా నాతో ఒకే స్టాఫ్ రూములో కూర్చుని నా క్యారియర్లో చారు పోసుకున్న సీనియర్ సారు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ గారు "అలా కాదులెండి" అన్నారే తప్ప, అలా అనకూడదని అనలేదు. నా చేతులు వణికాయి. ఏడుపు గొంతు దాకా వచ్చింది, కానీ ఆయన ముందు ఏడవదల్చుకోలేదు. "సార్, నాకొచ్చిన ప్రతి కాపీ రిజిస్టర్లో ఉంది, తెప్పించండి" అన్నాను. లైబ్రేరియన్ తెచ్చి తేదీలు, సంతకాలు చదివి వినిపించాడు. "ఇప్పుడు మీ గైడు ఎవరిచ్చారో, ఏ రిజిస్టర్లో ఉందో చెప్పండి" అని అడిగాను. జవాబు లేదు. అప్పుడు పిల్లలు గీతలు పెట్టిన కాగితాలు ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచాను. ప్రిన్సిపాల్ గారు ఆయన వైపు చూడకుండా ఫైలు మీద సంతకం చేశారు.

ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు. ఆడమనిషి గట్టిగా ఒక పుస్తకం కావాలంటే దాని వెనక డబ్బు ఉండి తీరాలని అనుకునేవాళ్ళు మన కాలేజీల్లో చాలామందే ఉన్నారు. నా దగ్గర చదివిన పిల్లలు పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీట్లు తెచ్చుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ గైడుతో తెచ్చుకోలేదు, ఆ సంగతి నేను ఎక్కడైనా గట్టిగా చెప్తాను.

డబ్బు చాలని కాలేజీలకు ఇంకో దారి ఉంది. రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ కెమిస్ట్రీ పుస్తకం నెట్‌లో ఉచితం. వాళ్ళ పేరు పేర్కొంటే ప్రింటు తీసి పంచుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుంది. బాండింగ్, వాయువులు చాప్టర్లు ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించి రీడింగ్ రూములో పెట్టాను. నార్మాలిటీ నోట్సు నేనే రాసి వెనక కలిపాను.

షాపువాళ్ళు ఇచ్చిన తగ్గింపు ఎంతో బిల్లు మీదే రాయించాను. వచ్చిన పుస్తకాలకు నంబర్లు వేస్తున్నారు. వచ్చే సెమిస్టర్ పుస్తకాల కమిటీలో కూడా నేనుంటానని ప్రిన్సిపాల్ గారికి కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను.